ఒక్క దీర్ఘం తేడా

ఈ రోజు ఉదయం ఆసుపత్రి కౌంటర్లో గుమాస్తా స్టాంప్ ప్యాడ్ రేకు మూత తెరిచాడు. ఊదారంగు సిరా వాసన గుప్పుమంది. నా ముందు నిలబడ్డ పెద్దావిడ ఒక్క మాటైనా అడగకుండా బొటనవేలు చాచింది. అతను ఆ వేలిని పెన్సిలు ముక్కను పట్టుకున్నట్టు పట్టుకుని, సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తి, వదిలేశాడు. ఆవిడ వేలిని జుట్టుకు తుడుచుకుంటూ పక్కకు తప్పుకుంది. అది ఏ కాగితమో, ఎందుకో ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు. తర్వాత నా వంతు వచ్చింది. రెండున్నరేళ్ళ మా బాబుకు గజ్జల్లో వాపు ఉంది. హెర్నియా అన్నారు. ఎల్లుండి ఆపరేషన్. గుమాస్తా ఒక అచ్చు కాగితం నా ముందుకు తోసి, సంతకం పెట్టాల్సిన చోటును పెన్ను మొనతో చూపించాడు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. "చదివి రేపు తెస్తాను" అన్నాను. "ఇందులో చదవడానికేముందమ్మా, అందరూ పెట్టేదేగా" అన్నాడు. "అందరూ పెట్టేది కాబట్టే చదువుతాను" అన్నాను. కాగితం మాత్రం సంచిలోంచి తీయలేదు.

ఇప్పుడు పిల్లలిద్దరూ పడుకున్నారు. ఆ కాగితం నా ముందు బల్ల మీద ఉంది. నేను స్వతహాగా భయస్తురాలిని. పిల్లాడికి తుమ్ము వస్తే నాకు నిద్ర పట్టదు. డాక్టరు కుర్చీ ఎదురుగా కూర్చుంటే, ఇంట్లో అనుకుని వెళ్ళిన ప్రశ్నలన్నీ మరిచిపోయి తల ఊపి వచ్చే మనిషిని. అలాంటి నా చేత ఈ పొద్దున ఆ మాట అనిపించింది అప్పలనరసమ్మ. ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు. ఆమె ఎక్కడా పేరు రాసుకోలేదు, రాయడం ఆమెకు రాదు. అందుకే ఆమె గురించి నేను రాయాలి.

నేను గోదావరి జిల్లా నుంచి బి.ఏ. పట్టాతోనూ పెళ్ళి చీరలతోనూ కూర్మన్నపాలెం వచ్చేసరికి స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్నారు. మా ఆయనకు అందులోనే ఉద్యోగం. పగలంతా లారీలు తిరిగేవి, ఆరేసిన బట్టల మీద ఎర్రటి దుమ్ము పడేది. మాకు పాలు పోసేది వెనక వీధి రేకుల ఇంట్లో ఉండే అప్పలనరసమ్మ. భీమునిపట్నం వైపు పల్లె నుంచి భర్తతో, కూతురితో వలస వచ్చి, రెండు గేదెలను మేపుకుంటూ బతికేది. నలభై దాటిన మనిషి, నల్లగా, పొడుగ్గా ఉండేది. మొదటి రోజు నేను గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఆమె పాలు పొయ్యలేదు. క్యాను మూత తీసి, కొలగిన్నెతో కాసిని పాలు తీసి నా ముందు పెట్టింది.

"ముందు సూడు. ఒక సుక్క గోరు మీద ఏసుకో. నిలబడితే పాలు, జారిపోతే నీళ్ళు."

"ఎందుకండీ, మీ మీద నమ్మకం ఉంది" అన్నాను, మర్యాదగా ఉంటుందని.

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "నమ్మకమేటి? నిన్నగాక మొన్నొచ్చినావు. నానెవులో నీకు తెల్దు. అప్పుడే నన్నెలాగ నమ్మీసినావు?"

నేను బొటనవేలి గోరు మీద చుక్క వేసుకుని చూశాను. నిలబడింది. అప్పుడే పాలు పోసింది. నెల తిరిగినా, ఏడాది తిరిగినా అదే పద్ధతి. నేను చూడకుండా గిన్నె చాచిన రోజున ఆమె క్యాను మూత పెట్టేసి, "సూత్తావా, ఎల్లిపోమంటావా?" అనేది. నేను ఆమెను నరసమ్మగారూ అని పిలిచేదాన్ని. "గారేటి, పులుసులో ఏసుకుందుకా? అప్పా అను" అంది ఒకరోజు. మా వైపు అక్క అనేదాన్ని ఇక్కడ అప్ప అంటారని అలా తెలిసింది. నన్ను మాత్రం ఆమె సదువులమ్మా అనేది. అందులో ముద్దు ఎంతో, వెక్కిరింత ఎంతో నాకు చివరిదాకా తేలలేదు.

ఆమెకు ఒక అలవాటుండేది. చేతికి ఏ కాగితం ఇచ్చినా, ఇవ్వబోయినా, కుడిచేతి బొటనవేలును లోపలికి మడిచి మీద నాలుగు వేళ్ళూ మూసేసేది. రేషను కాగితమైనా, కూతురి బడి నుంచి వచ్చిన చీటీ అయినా అంతే. ఆ పిడికిలితోనే వచ్చి, ఎడమచేత్తో కాగితం నాకిచ్చి, "సదువు" అనేది. నేను చూసి సారాంశం చెప్పేదాన్ని. ఆమె ఒప్పుకునేది కాదు. "నువ్వు కుదించి సెప్పకు. అందల ఎన్నున్నాయో అన్నీ సదువు. ఆ సివర్న సీమల్లాటి అచ్చరాలున్నాయి గదా, అయ్యీ సదువు." ఒకసారి ఆసుపత్రి మందుల చీటీ మీద ప్రెస్సు పేరు కూడా చదివించింది. నాకు విసుగు వచ్చింది. "నీకిదంతా ఎందుకప్పా?" అన్నాను. ఆమె మూసిన పిడికిలిని నా కళ్ళ ముందు ఊపి వెళ్ళిపోయింది.

ఇంకొక వింత ఆమె పెరట్లో ఉండేది. నీలం ప్లాస్టిక్ బకెట్. పిడి ఊడిపోయింది, పక్కన చీలితే ఇనుప తీగతో కుట్టింది. గేదెలకు కుడితి అందులోనే పెట్టేది. "కొత్తది కొనుక్కోకూడదా?" అని అడిగాను. నా రెండో కడుపు ఏడో నెలలో ఉన్నప్పుడు అది. ఆమె ఆ బకెట్ బోర్లించి నన్ను దాని మీద కూర్చోబెట్టింది. తను నేల మీద కూర్చుని, గడ్డి విదిలిస్తూ చెప్పింది.

ఆ సంగతి డెబ్బైల్లో, వాళ్ళ పల్లెలో జరిగింది. అప్పటికి ఆమె ఇద్దర్ని కంది. పిల్ల బతికింది, పిల్లవాడు పోయాడు. "నాకు కడుపునొప్పి. మెలిపెట్టీసేది. బడికాడ డాట్రు బాబులొచ్చినారంటే బేగి ఎల్లి లైన్ల నిలబడినాను. సిస్టరమ్మొచ్చి, 'ఏటి, ఆపరేషనుకేనా?' అనడిగినాది. నొప్పికి ఆపరేషన్ సేత్తారు కావాల అనుకోని, 'అవునమ్మా, ఆపరేషనుకే' అన్నాను. ఎంతమందిని కన్నావంటే ఇద్దర్నన్నాను. ఎంతమంది ఉన్నారని ఆవిడడగలేదు, నాను సెప్పలేదు. ఏలట్టుకున్నారు, అద్దీసినారు."

మన దగ్గర 'ఆపరేషన్ అయిందా?' అని ఆడదాన్ని అడిగితే ఒక్కటే అర్థం. ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఆ లైను దాని కోసమే, చేయించుకున్నవాళ్ళకు బహుమానం కూడా ఇచ్చేవారు. ఈమె కడుపునొప్పి కోసం నిలబడింది.

"ఇంటికి పంపిత్తా ఈ బకెట్టిచ్చినారు. కడుపునొప్పికి బకెట్టిత్తారేటని నవ్వుకుంటా వొచ్చినాను. మా ఆయన అన్నాడు గదా, 'ఈపాలి తలనొప్పని ఎల్లు, సెంబిత్తారేమో' అని." ఆ మాట చెప్పి ఆమె నిజంగానే నవ్వింది. నేనూ నవ్వాను.

రెండేళ్ళయినా మళ్ళీ నెల తప్పలేదు. భీమిలిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ పొట్ట మీద చిన్న మచ్చ చూసి, "ఆపరేషన్ అయిపోయింది కదమ్మా, ఇంకా పిల్లలెలా పుడతారు?" అని అడిగిందట. ఆ మాట విని అప్ప ఏడవలేదు. బకెట్ పట్టుకుని ఆ కాగితాలుండే ఆఫీసుకు వెళ్ళింది. నా వేలిముద్ర ఉన్న కాగితం నాకు చూపించండి, మీ బకెట్ మీకిచ్చేస్తాను అంది. వెళ్ళగొట్టారు. తర్వాతి సోమవారం మళ్ళీ వెళ్ళింది. ప్రతి సోమవారం వెళ్ళి వరండాలో ఆ బకెట్ బోర్లించుకుని దాని మీదే కూర్చునేది. పంట కోతలప్పుడు కూడా మానలేదు. బకెట్టమ్మొచ్చిందని ప్యూన్లు నవ్వేవారట. ఎన్ని సోమవారాలో ఆమె లెక్క పెట్టలేదు. చివరికి ఒక ముసలి గుమాస్తా ఆ కాగితం వెతికి తీసి, ఆమెకు పైకి చదివి వినిపించాడు, బకెట్ మాత్రం వెనక్కి తీసుకోలేదు. అందులోని ఆఖరి ముక్క ఆమె అక్షరం పొల్లుపోకుండా కంఠతా పట్టింది. నాకు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "పై ఇసయాలన్నీ పూర్తిగా తెలుసుకోని నాను పెడతన్న ఏలుముద్ర."

నాలోని బి.ఏ. ఊరుకోలేదు. "తెలుసుకోని కాదప్పా, తెలుసుకొని. నువ్వు దీర్ఘం తీస్తున్నావు. కొ అంటే తెలుసుకుని పెట్టినట్టు. కో అంటే ఏమీ తెలుసుకోనట్టు. అర్థం తిరగబడిపోతుంది."

ఆమె గడ్డి విదిలించడం ఆపింది. "మళ్ళీ సెప్పు." చెప్పాను. "ఆ కాయితంల ఏటున్నాది?" "తెలుసుకొని అనే ఉండి ఉంటుంది." "నానేటన్నాను?" "తెలుసుకోని అన్నావు."

"మరి ఏది నిజిం?"

తప్పు పలికింది ఆమె. తప్పు రాసింది కాగితం. ఆ రెంటికీ మధ్య ఒక్క దీర్ఘం. ఆమె నా మొహంలోకి చూసి, "సూసినావా సదువులమ్మా, నాను సదివిందే కరట్టు" అని లేచి, నన్నూ లేపి, ఆ బకెట్లో కుడితి కలిపింది.

"అన్ని సోమవారాలు తిరిగావు కదా, ఏమొచ్చింది?" అని అడిగాను వెళ్ళబోతూ. "సదివి వినిపించినారు గదా. నా కాయితం నాను ఇన్నాను. అదొచ్చింది. ముందే ఇనిపిస్తే ఏలద్దకపోదును. అడిగితే సెప్పాల. సెప్పీదాకా అడగాల. అంతే."

రెండు నెలలు తిరగకముందే ఆ మాటతో నాకు పని పడింది. మా అమ్మ వచ్చే వారం రావాల్సి ఉండగా ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయారు. ఆయనకు కబురు పంపి, పెద్దపిల్లను పక్కింట్లో అప్పజెప్పి, అప్ప నన్ను ఆటోలో కూర్చోబెట్టుకుని నగరంలో మేము చూపించుకుంటున్న నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళింది. పాల క్యాను కూడా ఆటోలోనే వచ్చింది, దించే తీరిక లేక. బిడ్డ అడ్డం తిరిగిందని, పొట్ట కోసి తీయాలని అన్నారు. ఒక నర్సు గుండుసూదితో కలిపి గుచ్చిన రెండు కాగితాలు తెచ్చి నా గుండెల మీద పెట్టింది. "ఆపరేషన్ కాగితాలమ్మా. రెండు చోట్లా సంతకం పెట్టేయండి. తొందరగా."

నేను పెన్ను తీసుకున్నాను. నిజం చెప్పాలి. అన్నీ విన్న నేను, పట్టా ఉన్న నేను, పెట్టేయబోయాను. అప్ప నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"సదువు."

"అప్పా, నొప్పి... నా వల్ల కాదు."

"నొప్పున్నప్పుడే సదవాల. నొప్పి లేన్నాడు కాయితమెవులు తెత్తారు? సదువు!"

"ఏయ్ ముసలమ్మా, నువ్వు బయటికి నడు" అంది నర్సు.

"ముసలమ్మెవులు? నీకూ నాకూ పదేళ్ళుంటాది తేడా" అంది అప్ప కదలకుండా. "రెండు ముక్కలు సదివీలోగ బిడ్డకేటీ అవదు. అవుద్దంటే డాట్రమ్మ నోటితో సెప్పించు, నానే సంతకం పెట్టించీత్తాను."

పళ్ళ బిగువున పైకి చదివాను. మొదటి కాగితం బిడ్డను తీయడానికి. రెండోదాని పేరు మళ్ళీ చదివాను. శాశ్వత కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స. "ఇది నేను అడగలేదు" అన్నాను. "రెండో కాన్పు కదమ్మా. అందరూ చేయించేసుకుంటారు. ఒకటే కోతలో రెండు పనులూ అయిపోతాయి" అంది నర్సు. ఆమె మాటలో చెడ్డతనం లేదు. నాకు మేలు చేస్తున్నాననే ఆమె నమ్మకం. అడిగి ఉంటే నేనూ సరే అనేదాన్నేమో. కాని ఎవరూ అడగలేదు. నా పొట్ట మీద నేను తప్ప అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు.

ఆ కాగితం చివర ఆ వాక్యమే ఉంది. పై విషయాలన్నీ పూర్తిగా తెలుసుకొని నేను చేస్తున్న సంతకం. నేను పెన్ను అడిగి తీసుకున్నాను. సంతకం పెట్టలేదు. ఆ 'కొ' మీద చిన్న కొస పొడిగించి 'కో' చేసి కాగితం నర్సు చేతిలో పెట్టాను. "ఇప్పుడిది నిజం. డాక్టరుగారికి చూపించండి" అన్నాను. నా చేతిరాత అంత వంకరగా ఎప్పుడూ రాలేదు.

డాక్టరుగారు విసురుగా వచ్చారు. కాగితం చూశారు, మళ్ళీ చూశారు. ఆ దీర్ఘం ఆవిడ కంట పడింది. తర్వాత నా మంచం అంచున కూర్చున్నారు. ఎక్కడ కోస్తారో తన చేత్తో గాలిలో గీసి చూపించారు. నడుముకు ఇంజెక్షన్ ఇస్తారని, తెలివిగానే ఉంటానని, రక్తం అవసరం పడవచ్చని, ప్రమాదం ఎంతవరకు ఉందో, ఆలస్యమైతే బిడ్డకు ఏమవుతుందో చెప్పారు. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. రెండే. ఆ రెండో కాగితాన్ని నా ముందే అడ్డంగా కొట్టేసి, "దీని సంగతి మీరు లేచి తిరిగాక, మీరు అనుకుంటేనే" అన్నారు. మొదటి దాని మీద నేను సంతకం చేశాను. భయం పోలేదు. కాని అది నా భయం, నాకు తెలిసిన దాని గురించిన భయం. తెలియని దాని ముందు తల వంచినప్పటి భయం వేరు.

బాబు పుట్టాడు. అప్ప వాడిని పాత బట్టలో చుట్టి నాకు చూపిస్తూ వాడి పిడికిలి తెరవబోయింది. వాడు తెరవనివ్వలేదు. బొటనవేలు లోపల ఉంది. "ఓలమ్మో, ఈడు మడిసీసుకునే పుట్టినాడు. ఈడికి నాను నేర్పక్కర్లేదు" అంది.

తర్వాత ఏడాదికి మా ఆయనా నేనూ మాట్లాడుకుని, నేనే వెళ్ళి, అన్నీ అడిగి తెలుసుకుని ఆ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్ప నడుము మీద చెయ్యి పెట్టుకుని, "మరేటి, ఆనాడే సేయించీసుకుంటే పోయీది గదే! అంత రభస సేసినావు!" అంది. "ఆనాడు అడగలేదు కదప్పా" అన్నాను. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను మళ్ళీ వినలేదు.

పోయిన ఏడాది ఆమెకు కడుపునొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి పెద్దాసుపత్రిలో చేర్చారు. నేను చూడటానికి వెళ్ళేసరికి వార్డులో ఒక గొడవ నడుస్తోంది. మాత్రలు పంచుతున్న నర్సును అప్ప, "ఇదేటి? దేనికి? నిన్న తెల్లదిచ్చినావు, ఇయ్యాల పచ్చదేటి?" అని అడుగుతోంది. అది అయ్యేసరికి పక్క మంచం ఆవిడ కూడా, "నాదేటి సిస్టరమ్మా?" అంది. ఆ పక్కావిడా అడిగింది. ఆ నర్సు తల పట్టుకుని, "నరసమ్మా, నువ్వొచ్చి వార్డు మొత్తాన్ని పాడుచేశావు" అంది. అంటూనే ఒక్కో మాత్రకీ పేరు చెబుతూ వెళ్ళింది.

లోపల గడ్డ ఉందని, ఆపరేషన్ చేస్తే కొన్నాళ్ళు పొడిగించవచ్చునని, కచ్చితంగా చెప్పలేమని డాక్టరు వివరంగా చెప్పాడు. ఈ రోజుల్లో చెప్పేవాళ్ళూ ఉన్నారు. అప్ప శ్రద్ధగా విన్నది. "సేయించుకోకపోతే ఎన్నాళ్ళు బాబూ?" అని అడిగింది. అతను చెప్పాడు. ఆమె పిడికిలి మూసింది. "అయితే ఇంటికెల్లిపోతాను. గేదె ఈనతాది."

నేను ఏడ్చాను. చేయించుకోమని బతిమాలాను. చివరికి ఆపరేషన్ కాగితం నేనే తీసుకుని, మొత్తం చదివి వినిపించి, వేలిముద్ర కోసం ఆమె చేతిని పట్టుకున్నాను. ఆమె నా చేతిలోంచి చెయ్యి లాక్కోలేదు. నెమ్మదిగా, "నువ్వూ కాయితమొట్టుకొచ్చీసినావా సదువులమ్మా?" అంది.

చెయ్యి వదిలేశాను. అడిగే హక్కు ఆమెదేనని ఇన్నాళ్ళూ అనుకున్న నాకు, అన్నీ విన్నాక వద్దనే హక్కు కూడా ఆమెదేనని అప్పటిదాకా తట్టలేదు. చెప్పిన మాట ప్రకారం ఇంటికి వెళ్ళిపోయింది. గేదె ఈనింది. జున్ను పాలు మాకు పంపింది. కబురు కూడా పంపింది, గోరు మీద వేసి చూసుకోమని. జున్ను పాలకు ఆ పరీక్ష ఎందుకని నవ్వుతూనే వేసి చూశాను. ఆ నెలలోనే ఆమె పోయింది.

ఇప్పుడు నా ముందున్న కాగితం మొత్తం చదివాను, చివరి చీమల్లాంటి అక్షరాలతో సహా. వెనక వైపు నా ప్రశ్నలు రాశాను. మత్తు ఎవరిస్తారు? ఎన్ని గంటల ముందు నుంచి పాలు పట్టకూడదు? వాడు నిద్రపోయేదాకా నేను పక్కన ఉండవచ్చా? లోపల ఇంకేదైనా కనిపిస్తే నన్ను అడగకుండా ఏమైనా చేస్తారా? మంచం మీద బాబు బోర్లా తిరిగి పడుకున్నాడు. వాడి బొటనవేలు ఇప్పుడు నోట్లో ఉంది.

కాగితం చివర, ఊహించినట్టే, ఆ వాక్యం ఉంది. రేపు డాక్టరుగారు కూర్చుని చెబితే ఆ 'కొ' అలాగే ఉంటుంది, కింద నా పూర్తి పేరు రాస్తాను. చెప్పకపోతే, దానికి దీర్ఘం ఎలా పెట్టాలో నాకు తెలుసు.